యారా బెండ్ నుంచి కింగ్‌లేక్ దాకా, మంట నడిచిన దారిలో

మెల్బోర్న్‌లో ఉండే మనవాళ్లలో చాలామందికి మేరీస్‌విల్ అంటే లేక్ మౌంటెన్ మంచు చూడటానికి పోతూ టీ కోసం ఆగే ఊరు. మేం మంచు లేని రోజుల్లో బయల్దేరాం. 2009 ఫిబ్రవరి 7, అక్కడివాళ్లు బ్లాక్ శాటర్‌డే అనే ఆ శనివారం, కార్చిచ్చు ఏ దారిన వచ్చిందో నేల మీద చూడాలని. ఆ మంటల్లో 173 మంది చనిపోయారు. రెండు వేలకు పైగా ఇళ్లు, సుమారు నాలుగున్నర లక్షల హెక్టార్లు కాలిపోయాయి.

మొదట ఆగింది అడవిలో కాదు, నగరం మధ్యలో, యారా బెండ్ పార్కులో. బెల్‌బర్డ్ పిక్నిక్ ఏరియా దగ్గర నది ఒడ్డు చెట్లకు వేలాది గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతుంటాయి. బూడిదరంగు తల, మెడ చుట్టూ నారింజ రంగు బొచ్చు, రెక్కలు చాపితే మీటరు దాకా. పూల తేనె కోసం రాత్రిపూట దూరదూరాలు తిరుగుతూ యూకలిప్టస్ అడవులకు పుప్పొడి మోసేవి ఇవే. వేడి 42 డిగ్రీలు దాటితే వీటికి గండమే. ముందు రెక్కలతో విసురుకుంటాయి, తర్వాత నీడకు జరుగుతాయి, రొప్పుతాయి, ఒంటికి లాలాజలం పూసుకుంటాయి. చివరికి ఒకే మానుకు గుంపుగా అతుక్కుని కిందికి దిగుతాయి. అలా దిగాయంటే పరిస్థితి చెయ్యి దాటినట్టే, గుంపులో అడుగునున్నవి ఊపిరాడక పోతాయి. 2019 డిసెంబరులో మూడు రోజుల ఎండకు ఇక్కడ నాలుగున్నర వేలకు పైగా రాలిపోయాయి. అది పిల్లతల్లుల కాలం. ఒక్క నిప్పురవ్వ కూడా లేకుండా జరిగిన నష్టం ఇది. కింద పడినదాన్ని జాలిపడి చేత్తో తీయకూడదు. కరిచినా గీరినా రేబీస్ లాంటి లిస్సావైరస్ ప్రమాదం ఉంది, టీకా వేసుకున్న కార్యకర్తలే ముట్టుకోవాలి. దగ్గరికెళ్లి నీళ్లు చల్లబోతే బెదిరి ఎగురుతాయి, ఆ ఎగరడంతోనే ఒళ్లు ఇంకా కాగిపోతుంది.

మనుషుల లెక్కా ఇలాగే ఉంది. బ్లాక్ శాటర్‌డేకి ముందు వారం, జనవరి 28 నుంచి 30 దాకా, మెల్బోర్న్‌లో వరసగా మూడు రోజులు 43 దాటింది. రాత్రిళ్లు ఇళ్లు చల్లబడలేదు. రైలు పట్టాలు వంగాయి, కరెంటు పోయింది. ఆ వారంలో మామూలుకంటే 374 మరణాలు ఎక్కువని రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. ఎక్కువమంది 75 దాటిన ముసలివాళ్లు. మంటల్లో పోయినవాళ్లకు ఇది రెండింతలకు పైనే. అయినా ‘బుష్‌ఫైర్’ అంటే వణికే ఊరు ‘ఎండ’ అంటే అంత ఉలిక్కిపడదు. 2015 మే వడగాడ్పులను చూసిన మనకు ఇది కొత్త సంగతేమీ కాదు.

హీల్స్‌విల్ శాంక్చురీలో జంతువుల ఆసుపత్రి ఉంది. కార్చిచ్చు తర్వాత కోలాలకు ఎక్కువగా కాలేవి అరచేతులు, పాదాలు. మంటకు చెట్టెక్కినది చల్లారాక వేడి మాను పట్టుకునే దిగాలి, వేడి బూడిద మీదే నడవాలి. దాహంతో దారికి వచ్చిన కోలా నోట్లో సీసాతో నీళ్లు పోస్తారు చాలామంది. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. వెడల్పు పళ్లెంలో పోసి నేల మీద పెట్టి వెనక్కి జరగాలి. రోడ్డు పక్కన చచ్చిన కంగారూ కనిపిస్తే బండి భద్రంగా ఆపి, సంచిలో పిల్ల ఉందేమో చూడొచ్చు. పిల్ల చనుమొన పట్టుకుని ఉంటే లాగకూడదు, నోరు చిరుగుతుంది. వన్యప్రాణులను కాపాడే సంస్థ వైల్డ్‌లైఫ్ విక్టోరియాకు ఫోన్ చేసి వాళ్లు చెప్పినట్టు చేయాలి.

హీల్స్‌విల్ దాటాక బ్లాక్ స్పర్ అనే కొండదారి. ఫొటోల కోసం అందరూ ఆగే మలుపులివి. రెండువైపులా నిటారుగా లేచినవి మౌంటెన్ యాష్ చెట్లు, ప్రపంచంలో అతి ఎత్తుకు పెరిగే పూచే చెట్టు ఇదే. మన జామాయిల్ తోటల చెట్టుకు దాయాది, కానీ స్వభావం వేరు. చాలా యూకలిప్టస్‌లు కాలినా బెరడు కింద దాగిన మొగ్గలతో మాను పొడవునా చిగురిస్తాయి. మౌంటెన్ యాష్ పెద్ద మంటకు చచ్చిపోతుంది. కొమ్మల కాయలు విచ్చి విత్తనాలు బూడిదలో పడి, ఒక్కసారే అడవి మొలుస్తుంది. ఇక్కడి చెట్లు చాలావరకు 1926, 1939 మంటల తర్వాత అలా మొలిచినవే. చిక్కంతా రెండో మంటతో. మొలక విత్తనం పట్టడానికి పదిహేను ఇరవై ఏళ్లు కావాలి. ఆలోపు మళ్లీ కాలితే విత్తనం ఉండదు, ఆ చోట తుమ్మజాతి పొదలు పెరుగుతాయి. అందుకే అటవీ శాఖ విత్తనాలు సేకరించి హెలికాప్టర్ల నుంచి చల్లిస్తోంది. లెడ్‌బీటర్స్ పోసమ్ గతి ఇంకా ఇరుకు. అరచేతిలో పట్టే ఈ జంతువు ముసలి మానుల తొర్రల్లోనే కాపురముంటుంది, అలాంటి తొర్ర పడటానికి వందేళ్లు పైమాటే. 2009లో దాని నివాసంలో నలభై శాతానికి పైగా కాలింది. విత్తనం చల్లి తొర్రను పుట్టించలేం.

మేరీస్‌విల్‌లో ప్రతిదీ కొత్తగా కనిపిస్తుంది. కారణం తెలిసిందే, ఊళ్లో పదింట తొమ్మిది కట్టడాలు ఆ సాయంత్రం పోయాయి. ఊరిని కొట్టింది మంట మొన కాదు, పక్క. పగలంతా వాయవ్య గాలి మంటను సన్నగా, పొడుగ్గా ఆగ్నేయానికి తోసింది. సాయంత్రం చల్లగాలి నైరుతి నుంచి తిరిగింది. మెల్బోర్న్‌లో జనం హమ్మయ్య అనుకున్న గాలే అది. అంతదాకా పక్కగా ఉన్న కిలోమీటర్ల పొడవు అంచు మొత్తం ఒక్కసారి మొనగా మారి ఈశాన్యానికి లేచింది. మెల్బోర్న్ ఉన్న ఈ విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చు ప్రాణాలు ఎక్కువగా తీసేది ఈ మలుపులోనే. గాలి తిరగక ముందు ‘మంట మన పక్కనుంచి పోయింది’ అనుకోవడమే పెద్ద పొరపాటు.

కొత్త ఇళ్లు చూస్తూ నడవడం ఇక్కడ మంచి పాఠం. స్థలాన్ని బట్టి 12.5, 19, 29, 40 అని అంకెలిస్తారు. చదరపు మీటరుకు ఎన్ని కిలోవాట్ల వేడి తగలవచ్చో చెప్పే అంకెలవి. ఆపైన మంట నేరుగా తాకే జోన్. గోడలకున్న గాలి రంధ్రాలకు 2 మిల్లీమీటర్లకు మించని కన్నాల లోహపు జాలి కడతారు. ఎందుకంటే చాలా ఇళ్లు అంటుకునేది మంటతో కాదు, రవ్వలతో. పెచ్చులూడే బెరడు గాలికి కిలోమీటర్ల దూరం మండుతూ పోతుంది. పైకప్పు కాలువలో ఎండాకులు, గుమ్మం ముందు పీచుపట్ట, చెక్క వరండా కింద పేరుకున్న చెత్త చాలు.

తిరుగు దారిలో టూలాంగి మీదుగా కింగ్‌లేక్. ఇక్కడ ప్రాణాలు తీసిన మంట మొదలైంది ఎక్కడో కిల్‌మోర్ ఈస్ట్‌లో, ఒంటి తీగ కరెంటు లైను తెగి. స్తంభం దగ్గర తీగను పట్టే మెలికల బిగింపు తన గాడిలో సరిగా కూర్చోలేదు. గాలికి ఊగి ఊగి పోగులు అలసి తెగాయని, ఆ మంటలపై విచారణ జరిపిన రాయల్ కమిషన్ తేల్చింది. ఆ తర్వాత ప్రమాదం ఎక్కువున్న సబ్‌స్టేషన్లలో, తీగ నేలను తాకగానే కరెంటును కళ్లు మూసి తెరిచేలోగా అణిచే పరికరాలు పెట్టించారు.

కింగ్‌లేక్ నుంచి సెయింట్ ఆండ్రూస్‌కు దిగే రోడ్డు సన్నగా, మలుపులతో, రెండువైపులా చెట్లతో ఉంటుంది. పొగలో ఈ దారిన పది మీటర్లు కూడా కనపడదు, ఒక చెట్టు అడ్డం పడితే ఇక అంతే. వెళ్లాలంటే ముందురోజు సాయంత్రమో ఆ పొద్దున్నో వెళ్లాలని అగ్నిమాపక సిబ్బంది పదేపదే చెప్పేది అందుకే. వేసవిలో ఇటు వచ్చేవాళ్లు బయల్దేరే ముందు ప్రమాద హెచ్చరికలిచ్చే విక్‌ఎమర్జెన్సీ యాప్ చూసుకోండి. ఊరి మొదట్లో ఆ రోజు కార్చిచ్చు ప్రమాదం ఎంతో చూపే అర్ధచంద్రాకారపు బోర్డు ముల్లు అన్నిటికన్నా పై మెట్టు కెటాస్ట్రొఫిక్ దగ్గరుంటే అడవి పార్కులు మూసేస్తారు. దాని కింది మెట్టు ఎక్స్‌ట్రీమ్ అన్నా నేనైతే వెనక్కి తిప్పమంటాను. బయట నిప్పు పెట్టడాన్ని నిషేధించే టోటల్ ఫైర్ బ్యాన్ రోజున వెంట తెచ్చుకున్న గ్యాస్ పొయ్యి మీద పార్కులో టీ కూడా కాచకూడదు, ఫ్లాస్కులో పోసుకుని రండి.