నాలుగు బెడ్‌రూమ్‌ల ఇల్లు

సియాటిల్‌లో ఉంటాననగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ?" అని. నాది సాఫ్ట్‌వేర్ కాదు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో పట్టణ ప్లానింగ్ చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, ఆరేళ్లుగా ఒక చిన్న కన్సల్టింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. పాతబడిన ప్రభుత్వ అద్దె ఇళ్ల కాలనీలను తిరిగి కట్టుకోవాలనుకునే ఊళ్లకు గ్రాంట్ దరఖాస్తులు రాయడం, గ్రాంట్ వస్తే ప్లాన్ తయారుచేయడం మా పని. మొదటిసారి ఇది విని మా బాపు, "ఇల్లు కట్టకముందే పైసలిస్తరా బిడ్డా, ఉత్తగ ఆలోచించెటందుకు?" అన్నాడు.

ఇస్తారు. అమెరికా కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ శాఖను ఇక్కడ హడ్ అంటారు. 2010లో వాళ్లు చాయిస్ నైబర్‌హుడ్స్ అనే పథకం మొదలుపెట్టారు. అందులో ప్లాన్ వేసుకోవడానికి ఒక గ్రాంట్, కట్టడానికి ఇంకో గ్రాంట్. 2011లో మొదటి విడత ప్లానింగ్ గ్రాంట్లు 17 ఊళ్లకు వచ్చాయి, ఒక్కో ఊరికి రెండున్నర లక్షల డాలర్ల దాకా. కట్టడానికైతే మూడు కోట్ల డాలర్ల దాకా ఇచ్చారు. ప్లానింగ్ డబ్బుతో ఒక్క ఇటుక కూడా రాదు. కానీ ఆ కాలనీలో ఇంటింటికీ వెళ్లి "మీకేం కావాలి?" అని అడిగే జీతం, పక్కన కూర్చుని తర్జుమా చేసే మనిషి జీతం, సాయంత్రం మీటింగ్‌కు వచ్చే తల్లుల పిల్లలను చూసుకునే ఖర్చు, అన్నీ ఇందులోంచే. ఈ పనికి డబ్బిచ్చే పద్దు ఇంకొకటి దొరకడం చాలా కష్టం. అందుకే నాకు ఈ చిన్న గ్రాంటే ముఖ్యం.

దీనికి ముందు 1990లలో మొదలైన హోప్ సిక్స్ అనే పథకం ఉండేది. అప్పుడు చాలా ఊళ్లలో పాత భవనాలు కూల్చేసి, పేదలకిచ్చే ఇళ్ల సంఖ్య తగ్గించి కట్టారు. వెళ్లిపోయినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. చాయిస్‌లో ఆ తప్పు దిద్దారు: ఆదాయం తక్కువున్నవాళ్ల ఇల్లు ఒకటి కూలిస్తే, మామూలుగా దానికి బదులు ఇంకొకటి కట్టాల్సిందే.

మా సియాటిల్‌లోనే దానికి పెద్ద ఉదాహరణ యెస్లర్ టెర్రస్. 1940ల మొదట్లో కట్టిన రెండంతస్తుల వరస ఇళ్లు, మొత్తం 561. తెల్లవాళ్లను, నల్లవాళ్లను వేరు చేయకుండా మొదటినుంచీ కలిపే ఉంచిన కాలనీ అది. తర్వాత మా వాషింగ్టన్ రాష్ట్ర గవర్నరైన గ్యారీ లాక్ చిన్నప్పుడు అక్కడే పెరిగాడు. ఈ కాలనీ 2011, 2012 సంవత్సరాల్లో రెండు విడతలుగా మూడు కోట్ల డాలర్ల చాయిస్ గ్రాంట్ తెచ్చుకుంది. ఆ 561 ఇళ్లకు బదులు ఇళ్లు కడుతూనే, కొంచెం ఎక్కువ సంపాదించేవాళ్లకు కొన్ని, మార్కెట్ అద్దె కట్టేవాళ్లకు మరెన్నో కలిపి 5,000 ఇళ్ల దాకా రావచ్చని ప్లాన్. కొంత స్థలం ప్రైవేటు బిల్డర్లకు అమ్మి, ఆ డబ్బును పేదల ఇళ్లకు వాడారు. ఆకాశం తేటగా ఉన్న ఆదివారాల్లో నేను వియత్నాం వాళ్ల పేట లిటిల్ సైగాన్ నుంచి మెట్లదారి ఎక్కి అక్కడికి వెళ్తాను. పైనుంచి రైనియర్ కొండ కనిపిస్తుంది. పార్కులో సోమాలీ పిల్లలు, ఆఫీసు బ్యాగులతో మనవాళ్లు, కర్ర పట్టుకుని నడిచే వియత్నాం ముసలివాళ్లు.

మూడేళ్ల క్రితం ఇదే రాష్ట్రంలో ఇంకో ఊరి గ్రాంట్ దరఖాస్తు కోసం మేం సర్వే చేశాం. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకావిడ ఇంటికి దుబాసీ అమ్మాయితో వెళ్లాను. ఏడుగురు పిల్లలు. పొద్దున స్కూల్ బస్సు నడుపుతుంది, సాయంత్రం క్లీనింగ్ పని. నేను బస్‌స్టాప్ గురించి, పార్క్ గురించి, లైట్ల గురించి అడుగుతూ పోయాను. అంతా ఓపిగ్గా విని, "కొత్త బిల్డింగ్‌లో నాలుగు బెడ్‌రూమ్‌ల ఇల్లు ఉంటుందా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆఫీసుకొచ్చి మా పట్టిక తీసి చూశాను. కూల్చేవి ఎన్ని, కట్టేవి ఎన్ని అన్న లెక్క సరిగ్గానే సరిపోయింది. బెడ్‌రూమ్‌ల లెక్కకు మాత్రం అందులో గడి కూడా లేదు. ఇరుకు స్థలంలో ఎక్కువ ఇళ్లు కట్టాలంటే ఒంటిగది స్టూడియోలు, ఒక బెడ్‌రూమ్ ఇళ్లే గిట్టుబాటు. కట్టేవాళ్లు అటే మొగ్గుతారు. అప్పుడు కాగితం మీద ఇంటికి ఇల్లు వచ్చినట్టే ఉంటుంది, ఏడుగురు పిల్లల తల్లికి మాత్రం తిరిగి వచ్చే చోటుండదు. నేను బెడ్‌రూమ్‌ల గడి చేర్చాలన్నాను. పేజీల పరిమితి దాటుతుందని మా టీమ్‌లో అభ్యంతరం వచ్చింది. రెండు రోజులు వాదించుకుని, ఒక ఫొటో తీసేసి ఆ గడి పెట్టాం.

గ్రాంట్ రాలేదు. అప్పుడు నా హెచ్‌వన్ వీసా పొడిగింపు కూడా పెండింగ్‌లో ఉంది. పని తగ్గితే ఉద్యోగం ఉంటుందా లేదా అన్న టెన్షన్‌తో ఆ చలికాలం గడిచింది. అంతకంటే ఎక్కువగా ఆ తల్లికి ఏం చెప్పాలన్నదే బాధ పెట్టింది. ఫలితం వచ్చాక మేం ఇంటింటికీ వెళ్లి చెప్పడానికి డబ్బే లేదు. ఈ పద్ధతిలో నాకు అన్యాయంగా తోచేది అదే. మనుషుల్లో ఆశ పెంచి, గ్రాంట్ రాకపోతే మాట కూడా చెప్పకుండా వెనక్కి వచ్చేస్తాం. చివరికి ఒక శనివారం నేనూ ఆ దుబాసీ అమ్మాయీ మా అంతట మేమే వెళ్లి చెప్పి వచ్చాం. ఆవిడ టీ ఇచ్చింది.

ఇలాంటప్పుడు హైదరాబాద్ శివారులోని కొల్లూరు గుర్తొస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల కాలనీ, 2023లో ప్రారంభించారు. మా పిన్ని ఇంట్లో పనిచేసే అక్కకు అక్కడ ఇల్లొచ్చింది. ఇల్లు మంచిగుంది, బాత్రూమ్ లోపలే ఉంది అని ఫోన్‌లో ఎంత సంతోషంగా చెప్పిందో! తర్వాత, "పనులన్నీ ఇక్కడ్నే గదమ్మా, పొద్దుగాల ఎన్నింటికి బయల్దేరాలె?" అంది. ఆ మాట విన్నప్పటినుంచీ నా ఫారంలో "పనికి ఎంతసేపు పడుతుంది?" అన్న ప్రశ్న మూడో పేజీ నుంచి మొదటి పేజీకి వచ్చింది.

ఇక్కడ మేం సర్వే చేసిన ఆ ఊరు ఇప్పుడు మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటోంది. తన వాటాగా గ్రాంట్‌లో ఐదు శాతం సమకూర్చుకోవాలి, అది దొరికింది. ఫారంలో రెండో ప్రశ్న ఇప్పుడు "మీ ఇంట్లో రాత్రి ఎంతమంది పడుకుంటారు?" అని. వచ్చే మంగళవారం నుంచి మళ్లీ తలుపులు తట్టాలి. మొదటి రోజు జాబితాలో ఆ ఏడుగురు పిల్లల తల్లి ఇల్లు పెట్టించుకున్నాను.