చేటలో లెగో

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున లేచేసరికి చినుకులు. బెంగళూరు మారతహళ్ళిలో జులై అంటే ఇంతే. కురిసీ కురవనట్టు ఉంటుంది, గొడుగు అక్కర్లేదు, బట్టలు మాత్రం ఆరవు. నిన్న సాయంత్రం తెచ్చిన బకెట్ టీపాయ్ కింద అలాగే ఉంది. రాత్రే మూత తీద్దామని చేతులు లాగాయి గానీ, నా సంగతి నాకు తెలుసు, తీస్తే ఒంటిగంటకి గానీ పడుకోను.

మా అపార్ట్‌మెంట్‌లో ఆరో అంతస్తు వాళ్ళు ఊరు మారుతున్నారు. ఫ్రిజ్, మంచం, సైకిలు అన్నీ వాట్సాప్‌లో పెట్టి, చిట్టచివర "లెగో, కలగాపులగం, మూడు కిలోలు" అని రాశారు. లెగో అంటే ఒకదానికొకటి అతికించి ఇళ్ళూ ఓడలూ కట్టుకునే చిన్న ప్లాస్టిక్ ఇటుకలు. అన్నిటికంటే ముందు అదే అమ్ముడుపోయింది, ఎందుకంటే మెసేజ్ చూడగానే లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లెక్కింది నేనే. నాలుగు వేల ఐదు వందలు. ఆవిడ వంటింటి కాటా మీద తూచి, మొగ్గు వేసి మరీ ఇచ్చింది. "మీ అబ్బాయికా?" అంది. మా అబ్బాయి హాస్టల్లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "ఊఁ" అన్నాను. ఎందుకలా అన్నానో మెట్లు దిగుతూ నాకే సిగ్గేసింది. నలభై ఏడేళ్ళ మనిషిని, నాకే అని చెప్పొచ్చుగా.

కొత్త డబ్బాలు నేను కొనేది ఏడాదికొకటి, అదీ పుట్టినరోజుకి. దిగుమతి సరుకు కాగితాలు చూడటం నా ఉద్యోగం. కస్టమ్స్ పట్టికలో బొమ్మల పద్దు 9503. 2020లో ఆ పద్దు మీద సుంకం 20 శాతం నుంచి ఒక్క ఊపున 60 అయింది, 2023లో 70. ఆ అంకెలు వారమంతా టైపు చేసి, శనివారం అదే డబ్బా ముందు మాల్‌లో నిలబడితే ధర చీటీ చదవబుద్ధి కాదు. అందుకని నావన్నీ ఎవరో ఆడి వదిలేసిన ముక్కలే.

అసలు ఇది నాకు అంటుకున్నది చెయ్యి విరిగినందువల్ల. ఐదేళ్ళ కిందట వర్షంలో స్కూటీ జారి కుడి మణికట్టు పోయింది. ఆరు వారాల కట్టు. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు కొయ్యముక్కల్లా ఉన్నాయి, జాకెట్ హుక్కు పెట్టుకోవడం కూడా రాలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి చపాతీపిండి పిసకమంది, చిన్న చిన్న వస్తువులు పట్టుకుని విడదీయమంది. పిండి పిసికి పిసికి విసుగొచ్చి మావాడి అల్మరా అడుగున ఉన్న లెగో డబ్బా తీశాను. రెండు ఇటుకలు అతకడానికి మొదటిరోజు పది నిమిషాలు పట్టింది. వేళ్ళు బాగుపడ్డాయి. డబ్బా మాత్రం మళ్ళీ అల్మరాలోకి వెళ్ళలేదు.

సరే, ఈరోజుకి వద్దాం. ముందు స్నానం. ముక్కలకి. ఉల్లిపాయల వల సంచుల్లో పోసి, గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు వేసి జాడించాలి. నీళ్ళు నలభై డిగ్రీలు దాటితే ఆ ప్లాస్టిక్ వంకరపోతుంది, ఒకసారి నా తొందరకి ఒక పెద్ద పలక అప్పడంలా లేచింది. ఇక్కడి ఇంకో బెడద బోరు నీళ్ళు. వాటితో కడిగి వదిలేస్తే ప్రతి నల్ల ముక్క మీదా తెల్లమచ్చ. అందుకని ఆఖరి తడుపు ఫిల్టర్ నీళ్ళతో. మా ఆయన బిందెవైపు, నావైపు మార్చి మార్చి చూసి, పేపరు మడిచి, ఇడ్లీ తెస్తానని బయటికెళ్ళిపోయారు.

బాల్కనీలో అత్తయ్యగారి పాత నేతచీర పరిచి ఆరబోశాను. ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడ్డారు.

"ఇదేటమ్మాయ్, వడియాలా?"

అత్తయ్యది యలమంచిలి దగ్గర పల్లెటూరు. బెంగళూరొచ్చి పదకొండేళ్ళయినా మాటలో ఆ ఊరు పోలేదు. నాది తెనాలి, మొదట్లో సగం మాటలకి అర్థం అడిగేదాన్ని. ఆవిడ కాసేపు చూసి, గ్లాసు గట్టు మీద పెట్టి, లోపల్నుంచి చేట పట్టుకొచ్చారు. వెదురు చేట, ఊరినుంచి తెచ్చుకున్నది, పేడ అలికిన వాసన ఇంకా ఉంది దానికి. అందులో నాలుగు దోసిళ్ళు పోసుకుని, మోకాళ్ళు చాపుకుని కూచుని, ఒక్క విదిలింపు విదిల్చారు. బరువు ఇటుకలన్నీ వెనక్కి చేరాయి, పల్చటి పలకలూ పువ్వులూ ఆకులూ చేట అంచుకొచ్చాయి. నేను ఐదేళ్ళుగా ఒక్కో ముక్కా వేలితో ఏరుతున్నాను! రెండు నిమిషాల్లో మూడు కుప్పలు.

"రంగులవారీగా ఎట్టీనా?" అన్నారు. వద్దన్నాను. కొత్తవాళ్ళందరూ చేసే పని అదే. ఎర్రవన్నీ ఒకచోట పోస్తే ఎర్రటి రాశిలో ఎర్రటి చిన్న ముక్క కంటికి ఆనదు. ఆకారం ప్రకారం వేరు చేస్తే కప్పుకి వాడే వంద వాలు ముక్కల్లో ఎర్రది దానంతటదే పలకరిస్తుంది. అత్తయ్యకి వెంటనే తెలిసింది. "మరే. మినపగుళ్ళలో తెల్లరాయి లాగ" అన్నారు.

బకెట్లో లెగో ఒక్కటే లేదు. రెండు జుట్టు క్లిప్పులు, ఒక చింతగింజ, రూపాయి బిళ్ళ, సగం తిన్న రబ్బరు, ఏదో కారు చక్రం. ఇంకా దొంగ ముక్కలు. అసలు ముక్కకి పైనుండే ప్రతి బొడిపె మీదా చిన్న అక్షరాల్లో పేరు ఉంటుందని చెప్పాను. అంతే, పంచాంగం చదివే భూతద్దం దిగింది. "దొంగ" అని ఒకటి ఇటు విసరడం, "దొర" అని ఒకటి అటు వేయడం. డెబ్బై రెండు దొంగలు దొరికారు. పట్టుకి తేడా ఏమిటో చూపించాను. ఇటుకని బోర్లిస్తే లోపల గొట్టాలుంటాయి, కింది ఇటుక బొడిపెలు గొట్టానికీ గోడకీ మధ్య బిగుసుకుంటాయి. ఆ ఏర్పాటుకి 1958 జనవరిలో పేటెంటుకి పెట్టారు. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకకీ అతుకుతుంది. దొంగ ముక్క ఒకటి వదులు, ఒకటి బిగుతు, గోడ మధ్యలో పెడితే పైవన్నీ కదులుతాయి.

"ఎవులు చేసేరు ముందు?" అని అడిగారు. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే ఊళ్ళో ఒక వడ్రంగి, ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్, 1932లో పనులు దొరకని కాలంలో కర్రబొమ్మలు చేయడం మొదలెట్టాడని చెప్పాను. వడ్రంగి అనగానే ఆవిడ ముఖం విప్పారింది. ఏటికొప్పాక వాళ్ళ ఊరికి దగ్గరే. అంకుడు కర్ర, లక్క రంగు, వరాహ నది, చిన్నప్పుడు లేతు మీద బొమ్మ తిరుగుతుంటే చూడటం, ఇవన్నీ నేను చాలాసార్లు విన్నవే. పోయినేడు చెన్నపట్నం వెళ్ళినప్పుడు, మన చెన్నై కాదు, మైసూరు రోడ్డు మీది బొమ్మల ఊరు, అక్కడ ఒక గిలక చేతిలోకి తీసుకుని వాసన చూసి "ఇది మా అంకుడే" అన్నారు. కొట్టువాడు "ఆలె మర" అన్నాడు. ఇద్దరూ చెప్పింది ఒక్క చెట్టే. 1960లో కర్రబొమ్మల గోదాం తగలబడ్డాక ఆ బిల్లుండ్ కంపెనీవాళ్ళు కర్ర మానేసి ప్లాస్టిక్‌లోనే ఉండిపోయారని చెబితే మాత్రం ఆవిడకి నచ్చలేదు. "కాలితే మళ్ళీ కడతారు గానీ మానేస్తారేటి?"

ఇంకో లెక్క కూడా చెప్పాను. ఎనిమిది బొడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరు తీసుకుంటే వాటిని 91,51,03,765 రకాలుగా అతకొచ్చు. కోపెన్‌హాగన్‌లో ఒక గణిత ఆచార్యుడు కంప్యూటర్‌తో లెక్కగట్టాడు. అంతకుముందు కంపెనీ చెప్పుకున్నది పదికోట్ల చిల్లరే, ఆరూ ఒకదాని మీద ఒకటిగా నిలబెట్టినవే అందులో ఉన్నాయి. "ఆడికి పనేటీ నేదా?" అన్నారు అత్తయ్య, చేట ఆపకుండా.

ఇడ్లీలు, తర్వాత ముద్దపప్పు, ఆవకాయ, గంట కునుకు. రాయడానికేం లేదు.

మధ్యాహ్నం నుంచి ఇల్లు. ఏడాదిగా కొద్దికొద్దిగా కడుతున్న మండువా లోగిలి, భోజనాల బల్లలో సగం దానిదే. అత్తయ్య పుట్టిల్లు. ఫొటో ఒక్కటీ లేదు, ఆవిడ మాటే ప్లాను. డబ్బాతో వచ్చే పుస్తకం చూసి కట్టడం నాకూ ఇష్టమే, తల ఖాళీగా ఉంటుంది. ఇదలా కాదు. అరుగు ఎత్తు గురించే మూడు వారాలు వాదించుకున్నాం. మూడు పలకలు పేరిస్తే ఒక ఇటుక ఎత్తు. అరుగు రెండు పలకలా మూడా? "కూకుంటే నా కాళ్ళు నేలకి ఆనేవి కావు" అన్నారు. ఎన్నేళ్ళప్పుడు అని అడిగితే ఆరేళ్ళప్పుడట. రెండు పలకలతో సరిపెట్టాం. లెగోలో వచ్చే పసుపుపచ్చ ముఖాల బుల్లి మనుషులని అరుగు మీద కూచోబెడితే, "అందరికీ కామెర్లేటే?" అన్నారు.

ఈరోజు బకెట్లో ఒక తెల్ల పలక దొరికింది, బొటనవేలి గోరంత వెడల్పు, రెండేసి బొడిపెలు రెండు వరసలు. దాని అంచున చిన్న చిన్న గాట్లు. దగ్గరగా చూస్తే పైన నాలుగు, కింద మూడు. ఆరో అంతస్తు పిల్లవాడు, బహుశా పలకలు విడదీయలేక పళ్ళతో లాగి ఉంటాడు. విడదీసేందుకు నారింజరంగు పనిముట్టు వేరే ఉంటుంది, అది కూడా బకెట్లోనే ఉంది, కొరికిన గుర్తులతో సహా. పాలపళ్ళ గాట్లున్న ముక్కలు చాలామంది తీసేస్తారు. నేను దాన్ని గడపకి వేశాను. గడప అన్నాక అరిగే ఉండాలి.

ఇక కప్పు. బయటి వాలు కట్టడం సులువు. మండువాలో కష్టం లోపలి వాలుది. నాలుగు వైపుల కప్పూ నడిమి వాకిట్లోకి వాలుతుంది, నాలుగు మూలలా రెండేసి వాలులు లోపలికి మడత పడతాయి. అక్కడ మామూలు వాలు ముక్క పనికిరాదు, లోమూల ముక్కే కావాలి. మూడు వరసల పెంకు, నాలుగు మూలలు, మొత్తం పన్నెండు. ఇదివరకు ఏరుకున్నవి తొమ్మిది. ఈరోజు చేటలో రెండు. ఎరుపు కొన్ని, ముదురు గోధుమ కొన్ని, ఒకటి నలుపు. రంగు కలవకపోవడమే బాగుంది, పాత పెంకుల మధ్య కొత్తవి వేసినట్టుంది. పదకొండు బిగించాను. ఒక్కో దానికీ ఆ చిన్న "టిక్". ఆ చప్పుడు కోసమే ఇదంతా చేస్తానేమో అనుకుంటాను ఒక్కోసారి.

పన్నెండోది లేదు. బకెట్ మళ్ళీ బోర్లించాను, సోఫా కింద చూశాను, దొంగల సంచీలో కూడా వెతికాను.

అప్పుడే అత్తయ్య అడిగారు, సంక్రాంతికి కొలువులో పెడదామా అని. నేను విప్పేస్తానని చెప్పాను. కట్టిన ప్రతిదీ విప్పుతాను, మావాడి డబ్బాలోని ఓడని తొమ్మిదిసార్లు విప్పాను. ఆవిడ మాట్లాడలేదు. నాకూ చిన్నప్పుడు కొలువుంది, తెనాలిలో, తొమ్మిది మెట్లు. కొండపల్లి అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే మనిషి, మట్టి పెళ్ళికొడుకు. మూడురోజులు చేతులు వెనక్కి కట్టుకుని చూడటమే. నాలుగోరోజు పాత పంచెల్లో చుట్టి అటకెక్కించేవాళ్ళు. ఒకసారి ఏనుగుని ముట్టుకుంటే తొండం ఊడింది. వీపు మోగింది. బొమ్మంటే ముట్టుకోకూడనిది అని అప్పట్నుంచీ నా వేళ్ళకి తెలుసు. ఇవన్నీ అత్తయ్యకి చెప్పలేదు. "చూద్దాంలెండి" అన్నాను. విప్పుతానో లేదో నిజంగా తెలీదు, అది నా ఇల్లు కాదుగా.

తొమ్మిది దాటాక ఆవిడ గదిలోంచి పెట్టె చప్పుడు. వచ్చారు, పిడికిట్లో లక్కపిడతలు. బిందె, కుంపటి, గిన్నె, ఏటికొప్పాకవి, పసుపూ ఎరుపూ. బిందె పచ్చమనిషి నడుం దాకా వచ్చింది. ఇంట్లో పెట్టి చూసుకున్నారు. వెనక గోడ ముక్కలు చాలక కట్టలేదు కాబట్టి గదులన్నీ కనబడతాయి. తర్వాత కప్పు వైపు చూశారు, ఖాళీగా ఉన్న మూల.

"ఆ మూల మాకూ ఉండేది కాదు. గాలివానకి పెంకులు ఎగిరిపోయేయి. మా నాన్న తాటాకు కప్పేడు. మళ్ళీ నేయించనేదు."

చేట అంచుకొచ్చిన ఆకుల్లోంచి పెద్దది ఒకటి తీసి ఆ కంత మీద వాల్చాను. ఆకుపచ్చ బాగా లేదు, ఎండిన రంగు ఉంటే బాగుండేది. ఆవిడకి అది పట్టలేదు. మంచినీళ్ళ గ్లాసులోంచి చెంచాతో నీళ్ళు తీసి, వద్దనేలోగా, కప్పు మీద పోశారు. మూడు మూలల్లోంచీ నీళ్ళు చక్కగా వాకిట్లోకి జారాయి. నాలుగో మూల ఆకు కింద ఒక్క క్షణం ఆగి, బియ్యం గదిలోకి కారాయి. టప్. టప్.

"అదిగో, అక్కడే," అన్నారు అత్తయ్య, లక్కగిన్నె తీసుకెళ్ళి ఆ చుక్క కింద పెట్టారు.