కడపలో పిల్లుల క్లినిక్ తెరవడానికి నేను పడిన పాట్లు

పోయిన వారమే క్లినిక్ తెరిచాను. పిల్లులకు మాత్రమే. ఇలాంటిది పెట్టాలని మన వైపు ఇంకెవరికైనా ఉంటే పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలో ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల బీవీఎస్సీ చదివాను. అక్కడ చెయ్యి తిరిగింది బర్రెల మీద, గొర్రెల మీద. పిల్లుల వైద్యం బెంగళూరులో ఒక క్లినిక్‌లో పని చేస్తూ నేర్చుకున్నాను. వెటర్నరీ కౌన్సిల్‌లో డాక్టరుగా రిజిస్ట్రేషన్‌కు ఇబ్బంది కాలేదు. డబ్బుకు అమ్మ నగలు కుదువ పెట్టాం.

నరకం చూసింది అద్దె గది దగ్గర.

ఎర్రముక్కపల్లి వైపు ఒక గది దొరికింది. కింద గది, పైన ఓనరు కాపురం. మొదటి రోజే చెప్పాను, "పెద్దనాయనా, నేను పిల్లుల డాక్టర్ని. కుక్కలు కూడా రావు" అని. "ఏదైతే ఏముందిలేమ్మా, అద్దె టైముకిస్తే చాలు" అని అడ్వాన్సు తీసుకున్నాడు. గోడలకు పెయింట్ వేయించాను, స్టీలు టేబుల్ దింపించాను. బోర్డు బిగించే రోజు మా ఇంటి పిల్లిని బుట్టలో పెట్టుకుని పోయాను. మెట్లు దిగుతున్న ఆయన కోడలు దాన్ని చూసి గిరుక్కున వెనక్కి తిరిగింది. కాసేపటికి ఆయన దిగొచ్చాడు.

"పొద్దున లేస్తానే పిల్లి ఎదురొస్తే మావోడు అంగడికి ఎట్ల పోతాడమ్మా? ఇంకోచోట చూసుకోపో."

ఎదురుగా టీ బంకు దగ్గర జనం చూస్తుండగా సగం బిగించిన బోర్డు విప్పించాడు. నేనింకా గడపలోనే ఉన్నాను, ఆయన భార్య చెంబుతో వచ్చి బుట్ట పెట్టిన చోట పసుపు నీళ్లు చల్లింది. ఆ నీళ్లు నా చెప్పుల మీద పడ్డాయి. బుట్టలో పిల్లి చెవులు వెనక్కి వాల్చి ముడుచుకుపోయింది. అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకుని మిగిలింది ఇచ్చాడు. పెయింట్ ఖర్చు మాటేమిటంటే "నిన్నెవరు వేయమన్నారు?" అన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అదే వీధిలో బియ్యం అంగళ్లకు ఎలుకలు పట్టడానికి పిల్లి కావాలి. చాకిరీ చేసినన్నాళ్లు లేని అపశకునం దానికి జబ్బు చేయగానే ఎక్కడినుంచి వస్తుంది?

ఆ తర్వాత తిరిగిన చోటల్లా ఇదే పాట. బ్రోకరైతే "కుక్కల డాక్టర్నని చెప్పండి మేడం, లోపలికి పోయినాక చూసుకుందాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కుక్క వాసన తగిలితే చాలు, పిల్లి గుండె దడదడలాడుతుంది, రక్తంలో షుగర్ కూడా పెరుగుతుంది. అప్పుడు టెస్ట్ చేస్తే లేని షుగర్ జబ్బు ఉన్నట్టే కనిపించొచ్చు. పిల్లులకు వేరే చోటు కావాలనేది అందుకే.

చివరికి అల్మాస్‌పేటలో ఒక పెద్దావిడ గది ఇచ్చింది. ఆమె ఇంట్లోనే పిల్లులున్నాయి. అద్దె మాట కంటే ముందు, "బేటీ, మా పిల్లి తుమ్ముతాంది, సగం పారాసిటమాల్ వేద్దామా?" అని అడిగింది. వెంటనే ఆపాను. పిల్లి కాలేయం ఆ మందును విరిచేయలేదు. రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఆ సగం బిళ్లే ప్రాణం తీయగలదు. మనుషుల మందుల పెట్టె దగ్గరికి పిల్లిని రానివ్వకండి, దయచేసి.

గది వెతికేవాళ్లు ఓనరు ఒక్కడి మాట నమ్మొద్దు, ఇంట్లో ఆడవాళ్లతోనూ మాట్లాడండి. అగ్రిమెంటులో 'క్లినిక్' అని వదిలేయకుండా 'పిల్లుల వైద్యశాల' అని రాయించండి. పెయింట్ ఆ తర్వాతే.

తెరిచిన వారంలోనే మైదుకూరు నుంచి ఒక మగపిల్లిని తెచ్చారు. మూత్రం బిగుసుకుపోయి పొట్ట రాయిలా ఉంది. మత్తిచ్చి సన్నని గొట్టం వేసి తీశాను. ఇప్పుడు చేపముక్క తింటోంది. కడపలో ఈ పని నేను చేయగలనని గర్వంగానే చెబుతున్నాను. మీ మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే, మలబద్ధకమని ఆముదం పట్టకండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ పూటే తీసుకురండి, ఆదివారమైనా తెరిచే ఉంటాను.