చెంచాతో మూడు రాత్రులు

మా వాడికి అప్పుడు పది నెలలు. 2025 జనవరి. రాత్రి రెండుసార్లు కక్కాడు, తెల్లారేసరికి నీళ్లలా విరేచనాలు. "పళ్లొస్తున్నాయి కదే, అలాగే ఉంటుంది" అంది అమ్మ. నేనూ నమ్మాను. మధ్యాహ్నం గుక్కపట్టి ఏడుస్తున్నాడు, కళ్లలో మాత్రం తడి లేదు. ఇక ఆగలేక మల్కాజ్‌గిరిలోనే ఉన్న పిల్లల డాక్టర్ దగ్గరికి ఆటోలో పరుగెత్తాం.

ఆయన వాడి పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలారు. అది మెల్లగా సర్దుకుంది. నీళ్లు తగ్గాయనడానికి అదే గుర్తట. టెస్టులో రోటా వైరస్ అని తేలింది, పసిపిల్లలకు విరేచనాలు తెప్పించే వైరస్ అది.

"యాంటీబయాటిక్ రాయరా సార్?"

"వైరస్ మీద అది పనిచేయదమ్మా. పోయిన నీళ్లు తిరిగి లోపలికి పంపడమే వైద్యం."

మందుల షాపులో ఓఆర్ఎస్ అడిగితే ఇచ్చిన టెట్రా ప్యాక్ నా బ్యాగులో ఉంది. ఆయన దాన్ని పక్కన పెట్టేశారు, అది పేరుకే ఓఆర్ఎస్, నిజానికి చక్కెర ఎక్కువున్న డ్రింకు. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి ఇంకా నీరు లాగుతుంది. గ్లూకోజు, ఉప్పు సరైన పాళ్లలో ఉంటేనే రెండూ కలిసి పేగు గోడ దాటుతాయి, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ తర్వాత, 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరే, శివరంజని సంతోష్ గారు. ఆవిడకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

అసలైన ఓఆర్ఎస్ పొడి ఎలా పట్టాలో డాక్టర్ చెప్పారు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక పెద్ద ప్యాకెట్ మొత్తం కలపాలి. రెండు నిమిషాలకో చెంచా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలు. అమ్మ, మా ఆయన, నేను వంతులేసుకున్నాం. మధ్యలో నా పాలు ఆపలేదు.

రోటా టీకా రోటావాక్ వేయించినా ఎందుకొచ్చిందని డాక్టర్‌ని అడిగాను. అది జబ్బును పూర్తిగా ఆపకపోవచ్చు, కానీ జబ్బు ముదిరే ప్రమాదాన్ని తొలి ఏడాదిలో సగానికి పైగా తగ్గిస్తుందని చెప్పారు. ఆ టీకా మన హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలో తయారైందే. దానికి మూలమైన వైరస్ 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసిపిల్లల పేగుల్లో దొరికింది. వాళ్లకు జబ్బు లక్షణాలే లేవట! మా వాణ్ణి పీల్చేసిందీ, వేరే పిల్లల పొట్టల్లో చడీచప్పుడు లేకుండా ఉన్నదీ ఒకే జాతి వైరస్ అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మూడో రాత్రి రెండు గంటలకు డైపర్ బరువుగా తగిలింది. విప్పి చూస్తే ఒంటేలే, విరేచనం కాదు. అమ్మని లేపి చూపించాను. డాక్టర్ రాసిన జింక్ మందు మాత్రం 14 రోజులూ వేశాం.