చీపురుపుల్లల వారం

శనివారం, రాత్రి

ఇంటికి వచ్చి మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. గోళ్ళ సందుల్లో బంకమట్టి ఇంకా అలాగే ఉంది. కూర తరుగుతుంటే మా అత్తయ్య చూసి, "బడికి వెళ్ళొచ్చావా, నాట్లకు వెళ్ళొచ్చావా?" అన్నారు.

ఈ వారమంతా ఒకటి, రెండు తరగతుల వాళ్ళ చేత నోటుపుస్తకం తెరిపించకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. మూడో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలి, చిన్న లెక్కలు చేయాలి అంటూ 2021లో నిపుణ్ భారత్ మొదలైంది. అప్పటి నుంచి శిక్షణలకు వెళ్తూనే ఉన్నాను, సంచి నిండా కాగితాలు తెచ్చుకుంటూనే ఉన్నాను. ఈసారి కాగితాలను బీరువాలోనే ఉంచి, ఇంట్లోంచి ఒక కొబ్బరి చీపురు పట్టుకెళ్ళాను.

సోమవారం బల్లలను జానలతో కొలిచాం. ఒకడికి తొమ్మిది జానలు, ఇంకొకడికి పదకొండు. ఎవరి లెక్క తప్పని పెద్ద తగువు. చివరికి నేను కొలిస్తే ఏడు వచ్చాయి, అందరూ కలిసి నాదే తప్పన్నారు. రెండు జానలు ఒక మూర అని చెప్పబోతుండగా ఒక అమ్మాయి, "పూలు కొనేటప్పుడు పొడుగు చేతులున్న అమ్మ దగ్గరే కొనాలి టీచర్" అంది. అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో చెప్పడానికి నేను సిద్ధం చేసుకున్న అరగంట పాఠం అక్కడితో అయిపోయింది.

మంగళవారం నీళ్ళ తొట్టి. మాది చీమకుర్తి పక్క ఊరు. బంగారు చుక్కలు మెరిసే నల్లరాయి ముక్కలు మా పిల్లల జేబుల్లో గోలీల్లాగా దొరుకుతాయి. గెలాక్సీ గ్రానైట్ అని దేశదేశాలకు పోయే రాయి మా బడిలో తొక్కుడుబిళ్ళకు పనికొస్తుంది. వేలెడంత రాయి ముక్క, పీచు తీయని కొబ్బరికాయ పక్కపక్కనే పెట్టి ఏది మునుగుతుందని అడిగాను. బరువైనది కాబట్టి కొబ్బరికాయే అన్నారు. అది తేలింది, రాయి మునిగింది. గది అంతా నిశ్శబ్దం. ఆ వారం మొత్తంలో నిశ్శబ్దం అదొక్కసారే. ఎందుకలా అయిందో నేను చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

బుధవారం మట్టిబొమ్మల సంగతి ఎక్కువ రాయను. ఇద్దరు ఏడ్చారు, ఒకడు మట్టి రుచి చూశాడు, నా చీర పాడైంది. అందరూ ఒంగోలు గిత్తలే చేశారు. మా వాళ్ళ చేతుల్లో గిత్తకు తలకంటే మూపురమే పెద్దది. సాయంత్రానికి ఎండి, అన్నింటికీ కొమ్ములు విరిగిపోయాయి.

అసలు రాయాల్సింది గురువారం గురించి.

ముందురోజే చీపురుపుల్లలు సమంగా విరిచి, పదేసి చొప్పున రబ్బరుబ్యాండ్లు వేసి కట్టలు చేసుకున్నాను. రెండో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే వాడొకడు ఉన్నాడు. వాళ్ళమ్మ రోడ్డు మీద ఇడ్లీల బండి నడుపుతుంది. 32లోంచి 7 తీసేయమంటే నెల రోజులుగా 35 అంటున్నాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేస్తాడు. మూడు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి అడిగాను.

"నీ దగ్గర ముప్పై రెండు ఉన్నాయి. ఏడు నాకిచ్చేస్తే ముప్పై అయిదు ఎలా మిగులుతాయి నాన్నా?"

"అప్పు తీసుకున్నాను కదా టీచర్."

నవ్వు ఆపుకోలేకపోయాను. వాడు మాత్రం నవ్వలేదు. కాసేపు పుల్లల వంక చూసి, "తీసుకున్న అప్పు మళ్ళీ ఎప్పుడు ఇవ్వాలి?" అని అడిగాడు.

పన్నెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను. పక్క అంకె దగ్గర అప్పు తీసుకో, అప్పు తీసుకో అని ఎన్ని వందలసార్లు అని ఉంటానో. ఈ లెక్కలో ఎవరూ ఎవరికీ బాకీ లేరని ఒక్కసారీ నాకు తట్టలేదు. వాడి ఇంట్లో అప్పు అన్న మాటకు అర్థం ఉంది. వారం వారం వచ్చి బండి దగ్గర నిలబడే మనిషి ఉన్నాడు. నా లెక్కలో మాత్రం తెచ్చుకోవడమే ఉంది, తీర్చడం లేదు. వాడికి అర్థం కాకపోవడంలో ఆశ్చర్యమేముంది?

"మీ అమ్మ దగ్గర మూడు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు ఉన్నాయనుకో. నాకు ఏడు రూపాయలు ఇవ్వాలి. ఏం చేస్తుంది?"

"నన్ను పక్క అంగడికి పంపిస్తుంది, చిల్లరకి."

ఆ మాట పూర్తికాకముందే వాడి వేళ్ళు ఒక కట్టకున్న రబ్బరుబ్యాండును లాగేశాయి. పుల్లలు బల్ల మీద చెల్లాచెదురుగా పడ్డాయి. రెండు కిందికి దొర్లితే వంగి తీసుకున్నాడు. విడివి పన్నెండు. ఒక్కొక్కటీ లెక్కపెడుతూ ఏడు నా అరచేతిలో పెట్టాడు. మిగిలినవి చూసుకున్నాడు: రెండు కట్టలు, అయిదు పుల్లలు. "ఇరవై అయిదు" అని నాతో కాదు, కట్టలతో అన్నాడు. రబ్బరుబ్యాండును మణికట్టుకు తొడుక్కుని బడి వదిలేదాకా తీయలేదు.

శుక్రవారం ఇంకో ఎనిమిది మందికి అదే లెక్క అలాగే ఇచ్చాను. అయిదుగురికి వచ్చింది. ముగ్గురికి పుల్లలు ఉంటే వస్తోంది, పలక మీద వేస్తే మళ్ళీ 35. కాబట్టి పుల్లలు పట్టిస్తే చాలు, అంతా వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నేను నమ్మను. నా నోటి నుంచి మాత్రం అప్పు అన్న మాట పోయింది. అలవాటుగా రెండుసార్లు జారితే వాడే "చిల్లర, టీచర్" అని సరిదిద్దాడు.

ఈరోజు రాగిజావ తాగాక గది సర్దించాను. కట్టలు లెక్కపెడితే ఒకదానిలో తొమ్మిదే ఉన్నాయి. బల్లల కింద, తలుపు వెనక వెతికించాను. దొరకలేదు. తాళం వేయబోతూ కిటికీ గట్టు మీద ఆరబెట్టిన గిత్తల వైపు చూశాను. చివరిదానికి, మూపురం మరీ పెద్దగా ఉన్నదానికి, కొమ్ములు మళ్ళీ మొలిచాయి. సగానికి విరిచిన చీపురుపుల్ల, ఆ పక్క సగం, ఈ పక్క సగం.

తీయలేదు. సోమవారానికి ఇంకో చీపురు కొనాలి.