ఆదివారం, సగం మడతల్లో

ఉతికిన బట్టలు పొద్దున్నుంచీ మంచం మీద గుట్టగా పడున్నాయి. మడతపెడుతూ ఏదో ఒకటి చూద్దామని పాత స్టార్ ట్రెక్ పెట్టాను, అంతరిక్ష ఓడల కథలుండే అమెరికన్ టీవీ సీరియళ్లు. నాలుగు చొక్కాలయ్యాక చేతులు ఆగిపోయాయి.

ముందు చూసింది అందులో 'ది నెక్స్ట్ జనరేషన్' అనే సీరియల్లో 1991 నాటి ఎపిసోడ్, 'ది హోస్ట్'. డాక్టర్ బెవర్లీ క్రషర్ ఓడాన్ అనే రాయబారిని ప్రేమిస్తుంది. అతను ట్రిల్ జాతివాడు. అసలు మనిషి పొట్టలో ఉండే జీవి, పైనున్న ఒళ్లు మారుతూ ఉంటుంది. ఉన్న ఒళ్లు చచ్చిపోతే ఆ జీవిని కొన్నాళ్లు ఓడలోని తోటి అధికారి రైకర్ ఒంట్లో పెడతారు. రోజూ పక్కన పనిచేసే మనిషి కదా, బెవర్లీ తటపటాయిస్తుంది గానీ చివరికి సర్దుకుంటుంది. ఆఖర్న వచ్చిన కొత్త ఒళ్లు ఆడమనిషిది. అక్కడ మాత్రం ఆవిడ వల్ల కాలేదు. ఇది మనుషుల లోపమేమో అంటుంది. వెళ్తూ వెళ్తూ ఓడాన్ ఆవిడ చెయ్యి తిప్పి మణికట్టు మీద ముద్దుపెడుతుంది.

బెవర్లీది తప్పని నేననను, ఎవరి మనసు వాళ్లది. కానీ రైకర్ ఒంట్లో ఉన్నా ఫర్వాలేదన్న కథ, ఆడ ఒళ్లు కనబడగానే గడియ పెట్టేసుకుంది. అదే గుచ్చుకుంది.

తర్వాత ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ 'డీప్ స్పేస్ నైన్'లో 1995 నాటి ఎపిసోడ్, 'రీజాయిన్డ్'. మళ్లీ ట్రిల్ జాతే. జాడ్జియా డాక్స్, లెనారా కాన్ వెనకటి ఒళ్లలో మొగుడూ పెళ్లాలు, ఇప్పుడు ఇద్దరూ ఆడవాళ్లే. పాత బంధాన్ని మళ్లీ కలుపుకుంటే ట్రిల్ వాళ్లు వెలేస్తారు. మధ్యలో మా అమ్మాయి వచ్చి కూచుంది.

"అమ్మా, వీళ్లకి అడ్డమేంటి?"

చెప్పాను.

"ఇద్దరూ ఆడవాళ్లని కాదా?"

"కాదే. ఆ మాటే ఎవరూ ఎత్తరు, చూడు."

కనిపెట్టుకుని చూసింది. జాడ్జియా పై అధికారి సిస్కో కూడా ముందు వద్దంటాడు, నువ్వు తెగిస్తే నీ వెనక నేనుంటానంటాడు. ఆడా మగా ప్రసక్తే లేదు. ముద్దు సీను రాగానే అది కన్నార్పలేదు. తల దించుకుని సాక్సు జత వెతికింది నేనే!

ఇందులోనూ ఒక చాటు ఉందనుకోండి. ఒకప్పుడు మొగుడూ పెళ్లాలు గనక సరే అన్నట్టు. ఇద్దరాడవాళ్లు ఉత్తినే ప్రేమించుకోవడానికి అంతరిక్షంలో కూడా పొట్టలో ఇంకో జీవి కావాల్సొచ్చింది. అప్పటికి 'వాయేజర్' సీరియల్లో జేన్‌వే అనే ఆవిడ కెప్టెన్ కుర్చీలో కూచుంది, నిజమే. 1969లో మొట్టమొదటి స్టార్ ట్రెక్ సీరియల్ ఆఖరి ఎపిసోడ్‌లో ఒకావిడ, మీ కెప్టెన్ల లోకంలో ఆడవాళ్లకి చోటులేదని వాపోతుంది. అక్కణ్ణించి ఆ కుర్చీ దాకా 26 ఏళ్లు. 1997లో జేన్‌వే ఓడలోకే సెవెన్ ఆఫ్ నైన్ అనే ఆవిడ వచ్చింది, ఊపిరాడనంత బిగుతు దుస్తుల్లో. ఆ సెవెనే 2020లో 'పికార్డ్' సీరియల్లో రాఫీ అనే ఇంకో ఆవిడ వేళ్లలో వేళ్లు పెట్టేసరికి ఏ జీవీ, ఏ పూర్వబంధమూ అడ్డం పెట్టుకోలేదు. ఉన్నది కొన్ని క్షణాలే, మాటా లేదు. నాకు మాత్రం అదే ఎక్కువ నచ్చింది.

లెనారా ఓడెక్కి వెళ్లిపోయింది.

"ఎందుకెళ్లిపోయింది?"

"భయం."

అది ఇంకేం అడగలేదు. ఒక తువ్వాలు తీసుకుని, అంచులు కలవకుండానే మడతపెట్టి నా ఒళ్లో పడేసింది.