బహదూర్ వాళ్ళ ఊరి బడికి రేకులు

మొన్న ఒకటో తారీఖు సాయంత్రం గేటు చప్పుడైతే బయటికొచ్చి చూశాను, బహదూర్. ఎప్పట్లాగే చంకలో కర్ర, చేతిలో మడతలు నలిగిపోయిన చిన్న పుస్తకం, ఓ సెల్యూట్. మా వీధిలో సగం ఇళ్ళకి సీసీ కెమెరాలు వచ్చీసేయి, ఇంకా గూర్ఖా ఎందుకు అని డబ్బులివ్వడం మానేసినవాళ్ళే ఎక్కువ. నేనిస్తాను. ఎందుకిస్తానో చెప్పాలంటే 2015 కి వెళ్ళాలి, కొంచెం పెద్ద కథ, టీ పెట్టుకుని చదవండి.

నేను విజయనగరంలో ఓ ప్రైవేట్ స్కూల్లో సోషల్ చెప్తాను. పెద్ద స్కూలేం కాదు, కోట దగ్గర్నుంచి నడిచి వచ్చెయ్యొచ్చు, అప్పట్లో నాలుగొందల మంది పిల్లలు. రాత్రుళ్ళు బహదూర్ వీధులన్నీ తిరుగుతూ మధ్యలో మా స్కూల్ గేటు తాళం లాగి చూసి ఈల ఊది వెళ్ళేవాడు, దానికి స్కూల్ నెలకి వంద రూపాయలిచ్చేది. మేం పడుకున్నాక వచ్చి మేం లేవకముందే పోయే మనిషి, అంతకు మించి అతని గురించి ఎవరికీ ఏమీ తెలీదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, మా ఊరి పైడితల్లమ్మ జాతర, సిరిమాను సంబరం అయ్యి వారం కూడా తిరగలేదు. మా మేడ మీద రెండు క్లాసులకి సిమెంటు రేకులు ఉండేవి, మొత్తం లేచిపోయాయి, అందులో ఒకటి పక్కింటివాళ్ళ తులసికోట మీద పడి వాళ్ళావిడ ఏడాది పాటు మాతో మాట్లాడలేదు. గ్రౌండ్లో వేపచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి బహదూర్ ఎవరిదగ్గరో కత్తి అడిగి తెచ్చుకుని కొమ్మలు నరుకుతున్నాడు. ఎవరూ పిలవలేదు, అది అతని పని కూడా కాదు. ఆ రోజు నేను ఒక గ్లాసు టీ ఇచ్చాను, అంతే, పేరు కూడా అడగలేదు.

తర్వాతి ఏప్రిల్ 25, శనివారం. సెలవులు అప్పుడే ఇచ్చారు, ఇంట్లో ఆవకాయకి ముక్కలు తుడుస్తున్నాను. గోడ మీద కేలండర్ ఊగినట్టయింది. మా అత్తగారు "ఏటే, కళ్ళు తిరుగుతన్నట్టున్నాయి" అన్నారు, బీపీ మాత్ర వేసుకోలేదా అని నేనే కోప్పడ్డాను. మధ్యాహ్నం టీవీ పెడితే తెలిసింది నేపాల్లో 7.8 భూకంపమని, కేంద్రం గోర్ఖా జిల్లాలో బార్‌పాక్ అనే ఊరు దగ్గరని. ఇన్నాళ్ళూ గూర్ఖా గూర్ఖా అని పిలిచిన మాట వెనక ఒక ఊరూ జిల్లా ఉన్నాయని సోషల్ టీచర్నైన నాకు అప్పుడే తట్టింది, సిగ్గుగానే చెప్తున్నాను.

ఆ తర్వాత నాలుగు రాత్రులు ఈల వినపడలేదు.

ఐదో రోజు కనిపించాడు. ఫోన్లు కలవక రైల్వే స్టేషన్ దగ్గర తెలిసిన ఇంకో ఇద్దరు నేపాలీలతో కూర్చుండిపోయాడట. వాళ్ళది గోర్ఖా పక్కనే ధాదింగ్ జిల్లా, కొండ మీద ఊరు. ఇంట్లోవాళ్ళు బతికారు, ఇల్లు పోయింది. హౌరా దాకా వెళ్ళి అక్కణ్ణించి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్, బోర్డర్ దాటి బస్సుల్లో ఊరు చేరాడు. జూన్‌లో మన స్కూళ్ళు తెరిచాక తిరిగొచ్చి సెల్‌లో ఒక ఫోటో చూపించాడు. నీలం టార్పాలిన్ కింద పిల్లలు నేల మీద కూర్చున్నారు, పక్కన రాళ్ళ కుప్ప, ఆ కుప్పే వాళ్ళ బడి. మొదటిసారి సగం పడితే మే 12న మళ్ళీ వచ్చిన 7.3 తో మిగతా గోడ కూడా కూలింది. అక్కడ స్కూళ్ళు మే 31నే తెరిచేశారు, వానలు మొదలైతే ఆ టార్పాలిన్ ఆగదు.

ఆ ఫోటో స్టాఫ్ రూమ్‌లో చేతులు మారింది, సాయం చేద్దాం అన్నది ఎవరు మొదట అన్నారో ఇప్పుడు గుర్తులేదు, ఎవరినడిగినా నేనే అంటారు. పేరెంట్స్ మీటింగ్ పెడితే ఒకాయన లేచి "మేడం, మన మేడ మీద రేకులే ఇంకా పూర్తిగా వెయ్యలేదు, మీరు నేపాల్‌కి వేస్తారా" అన్నారు. తప్పేం లేదు, న్యాయమైన ప్రశ్నే, మా టెన్త్ బి ఇంకా వరండాలోనే నడుస్తోంది. నాకు అప్పటికప్పుడు సమాధానం దొరకలేదు, నిజానికి ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు.

కానీ మర్నాడు తొమ్మిదో క్లాసులో మ్యాప్ పెట్టి ఒకటి చెప్పాను. మన రేకులు లేపేసిన హుద్‌హుద్ ఇక్కడితో ఆగలేదు, పైకి పైకి వెళ్ళి రెండు రోజుల తర్వాత, అక్టోబర్ 14న, నేపాల్ అన్నపూర్ణ కొండల మీద మంచు తుఫాను అయి కురిసింది, అక్కడ ట్రెకింగ్ చేస్తున్నవాళ్ళతో సహా నలభై మందికి పైగా చచ్చిపోయారు. ఒకే తుఫాను. పిల్లలు మ్యాప్ మీద వేలు పెట్టి చీపురుపల్లి దగ్గర్నుంచి అన్నపూర్ణ దాకా గీసుకుంటూ పోయారు. ఇంకోటి కూడా చెప్పాను, నేపాల్లో వారం సెలవు శనివారం, మన గడియారంలో 11:41 కి భూమి కదిలినప్పుడు బళ్ళన్నీ ఖాళీ. అదే శుక్రవారం అయ్యుంటే? క్లాసు అంతా నిశ్శబ్దం. ఆ సాయంత్రం లోపు మా ఆయా దగ్గర ఖాళీ పాలపొడి డబ్బా తీసుకుని మూతకి చిల్లు పెట్టి హుండీ తయారు చేసేశారు, నేను చెప్పలేదు.

డబ్బులు ఎలా వచ్చాయంటే, ఎక్కువ భాగం పాత నోట్‌బుక్స్. కొత్త సంవత్సరం కదా, ప్రతి ఇంట్లో కిందటేడు పుస్తకాల కట్టలుంటాయి, పిల్లలు సైకిళ్ళ మీద వేసుకొచ్చి పడేశారు, పాత పేపర్ల కొట్టువాడు వచ్చి అక్కడే తూచి కట్టాడు. ఒక శనివారం మధ్యాహ్నం తల్లులు స్టాల్ పెట్టారు, పునుగులు, చేగోడీలు, భీమాలి నుంచి తెచ్చిన మామిడి తాండ్ర. తాండ్ర ముందు అయిపోయింది. వద్దన్న ఆయనే రెండు కేజీలు కొన్నారు, కొని కూడా వద్దనే అన్నారు. మొత్తం 68,450 రూపాయలు, హుండీలో చిల్లర లెక్కపెట్టడానికే లెక్కల మేష్టారికి రెండు పీరియడ్లు పట్టింది.

మధ్యలో ఒక పొరపాటు చేశాం. బట్టలు కూడా తెండర్రా అని నోరు జారాను. మూడు గోనె సంచులు వచ్చాయి, చిరిగిన యూనిఫాంలు, ఒకరింట్లో పెళ్ళినాటి పట్టుచీర, ఒక్క కాలి మేజోళ్ళు. బహదూర్ చూసి చాలాసేపు మొహమాటపడి "మేడం, వాళ్ళు రేకులు అడిగారు" అన్నాడు. ఆ సంచులు దసరా దాకా స్టాఫ్ రూమ్‌లోనే మగ్గి చివరికి ఎక్కడికి పోయాయో నన్నడక్కండి.

ఇక అసలు తలనొప్పి పంపడం. స్కూల్ సొసైటీ అకౌంట్‌లోంచి పంపేద్దాం అనుకున్నాం, మా ఆడిటర్ గారు కుర్చీలోంచి లేచిపోయినంత పని చేశారు. ఛారిటీ సొసైటీ డబ్బు దేశం బయట ఖర్చు పెడితే ముందుగా సీబీడీటీ, అంటే ఇన్‌కంటాక్స్ వాళ్ళ పై బోర్డు, అనుమతి లేకుండా టాక్స్ మినహాయింపు రాదట, "ఒక్క రూపాయి కూడా సొసైటీ పేరున దాటించొద్దు" అన్నారు. సరే మనుషులుగానే పంపుదాం అనుకుంటే దారి బహదూరే చెప్పాడు. ఇండియా నుంచి నేపాల్‌కి డబ్బు పంపుకోవడానికి 2008 లోనే రిజర్వ్ బ్యాంక్ ఒక స్కీమ్ పెట్టింది, నెఫ్ట్ మీదే నడుస్తుంది, అప్పట్లో ఒకసారికి 50,000 దాకా, 2021 లో దాన్ని రెండు లక్షలు చేశారు. నేను ముందు వెళ్ళిన బ్యాంకులో కౌంటర్ అబ్బాయికి ఆ స్కీమ్ పేరే తెలీదు, ఫారిన్ అంటే వైజాగ్ వెళ్ళండమ్మా అన్నాడు, రెండు పూటలు తిప్పారు. మూడోసారి బహదూర్నే వెంటబెట్టుకుని వేరే బ్రాంచికి పోతే పావుగంటలో అయిపోయింది.

అక్కడి హెడ్‌సార్ ఖాతాకి, నా పేరున 50,000, బహదూర్ పేరున 18,450. మా ఆయన మాత్రం "రేపు ఇన్‌కంటాక్స్ వాళ్ళడిగితే గూర్ఖా పేరు చెప్తావా" అని వారం రోజులు నస పెట్టారు.

ఆ రెండో ఫారం నింపుతుంటే పేరు దగ్గర ఆగాను. బహదూర్ అని రాయబోతే అతను నవ్వి, పర్సులోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం తీశాడు, వాళ్ళ పౌరసత్వం కాగితం, దాన్ని వాళ్ళు నాగరికత అంటారట. ఇరవై ఏళ్ళుగా ఆ మాటకి పిల్లలకి సింధు లోయ, మెసొపొటేమియా అని అర్థం చెప్తున్నాను. కాగితం మీద పేరు బహదూర్ కాదు. బహదూర్‌కి దగ్గరగా కూడా లేదు. అప్పటికే మా వీధిలో పద్నాలుగేళ్ళుగా తిరుగుతున్నాడు. మరి చెప్పలేదేం అంటే "అందరూ అదే పిలిచారు మేడం" అన్నాడు. ఆ పేరు ఇక్కడ రాయను, అతని సొంతం అది.

డబ్బు వెళ్ళిన నెలకి రసీదు ఫోటో వచ్చింది, నేపాలీలో, మా హిందీ టీచర్ కూడబలుక్కుని చదివింది. మన 68,450 అక్కడ 1,09,520 అయింది, మన రూపాయికి వాళ్ళవి 1.60 లెక్క, 1993 నుంచీ అంతే. వాళ్ళు జస్తాపాతా అనే ముడతల రేకులు, కర్రలు, మేకులు, ప్రతిదానికీ విడివిడిగా ధర. కింద తారీఖు శ్రావణ్ 2072. ఆడిటర్ గారికి చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని "ఏటమ్మా ఇది, ఇంకా 57 ఏళ్ళు టైముంది కదా" అన్నారు. వాళ్ళది విక్రమ శకం అని చెప్పేసరికి మా పిల్లలు వారం పాటు తమ పుట్టినరోజులన్నీ 2050ల్లో లెక్కలేసుకుని మురిసిపోయారు.

రేకుల కింద పిల్లల ఫోటో కూడా పంపారు, నోటీసు బోర్డులో చాలా ఏళ్ళుంది, సున్నం వేసినప్పుడు ఎక్కడో పోయింది. మా మేడ మీద రేకులు? ఆ ఏడు డిసెంబర్‌లో వేశారు.

మొన్న గేటు దగ్గర అసలు పేరుతోనే పలకరించాను, ఇప్పుడు నేనొక్కదాన్నే అలా పిలుస్తానట. గెడ్డం నెరిసింది, మోకాళ్ళు నొప్పులంటున్నాడు. వంద నోటిచ్చాను. పుస్తకం తీసి మా ఇంటి నంబరు పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి, జేబులోంచి నాలుగు ఇరవైలు వెనక్కిచ్చాడు. ఉంచుకో అన్నాను.

"మన ఇంటికి నెలకి ఇరవయ్యే మేడం" అని సెల్యూట్ కొట్టి పక్కింటి గేటు తట్టాడు. అక్కడ కెమెరా ఉంది, ఎవరూ రాలేదు.